ఫైండింగ్ డోరీ రివ్యూ: సినిమాను భుజాన వేసుకున్న హాంక్

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఈ సినిమా బ్లూ-రే డిస్కును ఒక విక్రయ సంస్థ మాకు ఉచితంగా పంపింది; అభిప్రాయాలు మాత్రం పూర్తిగా నావే. కథ, నిడివి, వసూళ్ల వివరాలు మీరు ఇప్పటికే చదివి ఉంటారు కనుక, నేరుగా హాంక్ అనే ఆక్టోపస్ దగ్గరికి వస్తాను.

2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో'కు దర్శకత్వం వహించిన ఆండ్రూ స్టాంటనే 2016లో యానిమేషన్ సంస్థ పిక్సర్ కోసం ఈ సీక్వెల్‌ను కూడా తీశారు. మొదటి సినిమా బలమంతా విశాలమైన సముద్రంలో ఉంటే, ఇందులో తల్లిదండ్రులను వెతుక్కుంటూ బయల్దేరిన మతిమరుపు చేప డోరీ కథ చాలావరకు కాలిఫోర్నియాలోని ఒక సముద్రజీవుల కేంద్రంలో, గాజు తొట్లకూ పైపులకూ మధ్య నడుస్తుంది. నీళ్లు లేనిచోట చేప ఎలా తిరుగుతుందన్న చిక్కుముడిని విప్పేవాడు హాంక్. కాఫీ కూజాలో డోరీని పెట్టుకొని, గోడలు పట్టుకొని పాకుతూ, పక్కనున్న వస్తువు రంగులోకి మారిపోయే ఈ జీవిని కదిలించడం ఎంత కష్టమో ఆలోచించండి: ఆక్టోపస్‌కు ఎముకలుండవు, కనుక మోచేయి ఇక్కడ, మోకాలు అక్కడ అని పట్టుకోవడానికి యానిమేటర్‌కు ఆధారమే దొరకదు. ఎనిమిది చేతులు ఆ శరీరానికి అమరకపోవడంతో రూపకర్తలు ఏడింటితో సరిపెట్టి, ఆ లోటునే పాత్ర గతంగా మలిచారు. మనుషులన్నా సముద్రమన్నా భయపడి, క్లీవ్‌లాండ్‌లో ఒక గాజు పెట్టెలో ఒంటరిగా బతికితే చాలనుకునే హాంక్ మీద ఆ నిర్ణయం వల్లనే నాకు అంత ప్రేమ కలిగింది.

సందర్శకులు జీవులను తాకి చూసే తొట్టి దృశ్యం గురించి తప్పక చెప్పాలి. పిల్లల చేతులు పైనుంచి పిడుగుల్లా దిగుతుంటే, కింద నక్షత్రచేపలు పారిపోవడానికి దారి లేక వణికిపోతాయి. మా అమ్మాయి ఆ దృశ్యం వచ్చిన ప్రతిసారీ సోఫా మీద కాళ్లు ముడుచుకొని కూర్చుంటుంది.

డోరీ మతిమరుపు మొదటి సినిమాలో ప్రధానంగా హాస్యం కోసం ఉండేది. ఇక్కడ బిడ్డ తప్పిపోతుందేమోనని తల్లిదండ్రులు గవ్వలు పేర్చి దారి గుర్తుపట్టడం నేర్పిస్తుంటే, నవ్వు గొంతులోనే ఆగిపోతుంది.

అయితే పతాక సన్నివేశంలో ఆక్టోపస్ చేత లారీ నడిపించడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు. అప్పటివరకు హాంక్ చేసిన ప్రతి పనీ ఆక్టోపస్ శరీరానికి సాధ్యమేననిపించేలా శ్రద్ధగా తీసి, రహదారి మీదికి రాగానే ఆ శ్రద్ధను వదిలేశారు. అంత మంచి పాత్రకు అది అన్యాయం.

అయినా ఈ డిస్కు కొనుక్కోదగినదే. నా మట్టుకు హాంక్ ఒక్కడి కోసమే ఆ డబ్బు పెట్టవచ్చు. పేర్లు పడుతున్నప్పుడు మాత్రం టీవీ కట్టేయకండి, ఎందుకంటే మొదటి సినిమాలో దంతవైద్యుడి తొట్టిలోంచి తప్పించుకొని ప్లాస్టిక్ సంచుల్లో సముద్రంలోకి దూకిన చేపలు ఏమయ్యాయో ఆ చివరనే చూపించారు.