అయ్యగారమ్మాయి సర్వేకి వెళ్తే: క్రైస్తవ యూనివర్సిటీలో సోషియాలజీ చదువు

[తెర మీద: నరసాపురం రేవు. పంటు మీదికి మోటారు సైకిళ్లు ఎక్కుతున్నాయి.]

వందనాలండీ. ఇది నరసాపురం రేవు. అవతల కనిపించేది సఖినేటిపల్లి, మధ్యలో వశిష్ఠ గోదావరి. ఈ పంటు తప్పిందంటే ఇంకోటి వచ్చేదాకా ఎండలో నిలబడాలి. అందుకే పంటు కదిలే వేళకి ఇక్కడ ఎవరి తొందర వాళ్లది.

క్రైస్తవ యూనివర్సిటీలో సోషియాలజీ ఎం.ఏ.లో చేరకముందు ఒకరోజు ఈ మెట్ల దగ్గరే ఒక పెద్దావిడ అరటిపళ్ల గంప పక్కన పెట్టుకుని, తల పట్టుకుని కూర్చుంది. నేను చూశాను. చూసి కూడా పక్కనుంచి దాటుకుని పంటు ఎక్కేశాను. అవతల యూత్ మీటింగు ఉంది, వాక్యం చెప్పాల్సింది నేనే. సగం గోదారి దాటాక వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ చుట్టూ ఇద్దరు ముగ్గురు చేరారు. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య ఆవిడ కోసమో, నా కోసమో ఇప్పటికీ చెప్పలేను.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మొదటి సెమిస్టర్లో మా మేడమ్ ఒక ప్రయోగం గురించి చెప్తుంటే నాకు చెమటలు పట్టాయి.

[తెర మీద: మూడు అంకెలు: 63, 45, 10]

అమెరికాలో ప్రిన్స్‌టన్ థియొలాజికల్ సెమినరీ అని ఉంది. పాస్టర్లు కావడానికి చదువుకునే చోటు. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అక్కడి విద్యార్థుల మీద చేసిన ప్రయోగం 1973లో అచ్చయింది. దానికి పెట్టిన పేరే 'యెరూషలేము నుంచి యెరికోకి'. బైబిల్ చదివినవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది, లూకా పదో అధ్యాయం, మంచి సమరయుడి కథ. దొంగలు కొట్టి పడేసిన మనిషిని గుడి సేవలో ఉండే యాజకుడూ లేవీయుడూ చూసి పక్కనుంచి వెళ్లిపోతారు, పరాయివాడైన సమరయుడు ఆగుతాడు.

వీళ్లేం చేశారంటే, ఒక్కో విద్యార్థిని పిలిచి, పక్క బిల్డింగులోకి వెళ్లి చిన్న ప్రసంగం చెయ్యమన్నారు. కొందరికి ఇచ్చిన అంశం సెమినరీ చదివినవాళ్లకి దొరికే ఉద్యోగాలు. మిగతావాళ్లకి సాక్షాత్తూ మంచి సమరయుడు. ఇంకో మెలిక కూడా పెట్టారు. కొందరితో 'ఇంకా టైముంది, నెమ్మదిగా వెళ్లండి' అన్నారు. కొందరితో 'ఇప్పుడే బయల్దేరండి' అన్నారు. కొందరితో 'అయ్యో, లేటయిపోయింది, వాళ్లు ఎదురుచూస్తున్నారు' అన్నారు. దారిలో ఒక సందు. అక్కడ గుమ్మం దగ్గర ఒక మనిషి వాలిపోయి, దగ్గుతూ మూలుగుతూ ఉన్నాడు. వాళ్లు పెట్టిన మనిషే.

ఎవరు ఆగారు? తీరికగా వెళ్లినవాళ్లలో నూటికి 63 మంది ఏదో ఒక రకంగా సాయపడ్డారు. మధ్యస్థంగా వెళ్తున్నవాళ్లలో 45. లేటయిందని విన్నవాళ్లలో 10. సమరయుడి మీద ప్రసంగించబోతున్నారా, ఉద్యోగాల మీదా అన్నదానివల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. సమరయుడి గురించి చెప్పడానికి పరుగెడుతూ ఆ మనిషిని దాటుకుంటూ పోయినవాళ్లూ ఉన్నారు.

ఒక్క మాట. ఆ ప్రయోగంలో లెక్కలోకొచ్చింది 40 మందే. అంత చిన్న లెక్క పట్టుకుని మనుషులందరి గుణం తేల్చెయ్యకూడదు. ఇంకో సంగతి, ఆరోజు నేను చెప్పబోయే వాక్యం సమరయుడి గురించి కాదు, ప్రార్థన గురించి. అంత సినిమాగా ఏం జరగలేదు లెండి.

కానీ ఆ క్లాసు అయ్యాక నా బుర్రలో ప్రశ్న మారిపోయింది. అంతవరకూ 'నేను మంచిదాన్నా, చెడ్డదాన్నా' అని అడుక్కునేదాన్ని. ఆ రోజునుంచి 'మనిషి ఆగడానికి ఏం కావాలి, ఆగకుండా చేసేదేంటి' అని అడగడం మొదలుపెట్టాను. బిహేవియరల్ సైన్స్, అంటే ప్రవర్తనా శాస్త్రం, చేసే పని ముఖ్యంగా ఇదే.

[తెర మీద: ఆదివారం ఉదయం, పేటలో చర్చి]

ఇక సోషియాలజీ. ఆయ్, మా దగ్గర ఒక తమాషా ఉంది. సమాజ శాస్త్రం చదువుతున్నానంటే మా పేటలో అందరికీ అర్థం కాలేదు. సంఘం గురించి చదువుతున్నానంటే మాత్రం 'ఓహో, మన సంఘం గురించా' అన్నారు. తెలుగు క్రైస్తవులకి సంఘమంటే చర్చి కదా. మిగతావాళ్లకి సంఘమంటే సమాజం. నేను దిద్దబోయి ఆగిపోయాను, ఎందుకంటే వాళ్లన్నది పూర్తిగా తప్పు కాదు. ఈ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకరైన ఎమిల్ దుర్ఖేమ్ 1912లో మతాన్ని నిర్వచిస్తూ, పవిత్రమనుకునే వాటి చుట్టూ ఉన్న నమ్మకాలు, ఆచారాలు మనుషుల్ని ఒకే నైతిక సంఘంగా కలుపుతాయనీ, ఆ సంఘాన్నే చర్చి అంటామనీ రాశాడు. ఆయన ఫ్రాన్సులో ఒక రబ్బీ, అంటే యూదు మతగురువు కొడుకు. అంటే ఆయనా అయ్యగారబ్బాయే. నేను అయ్యగారమ్మాయిని. మా నాన్నగారు పాస్టరు, అందుకని ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ.

కామెంట్లలో చాలామంది అడిగినవి గబగబా చెప్పేస్తాను. డిగ్రీలో సోషియాలజీ లేకపోయినా చాలా చోట్ల ఎం.ఏ.లో చేర్చుకుంటారు, ఏ యూనివర్సిటీ నోటిఫికేషన్ ఆ యూనివర్సిటీదే చూసుకోండి. సిద్ధాంతాల పేపర్లు, భారతీయ సమాజం, పరిశోధన పద్ధతులు, స్టాటిస్టిక్స్, చివర్లో డిజర్టేషన్, అంటే సొంత పరిశోధన మీద రాసే పెద్ద వ్యాసం. లెక్కలంటే భయపడేవాళ్లు స్టాటిస్టిక్స్ దగ్గర కొంచెం ఏడుస్తారు, నేనూ ఏడ్చాను, తర్వాత అలవాటైపోతుంది. లెక్చరర్ కావాలంటే మామూలుగా నెట్ గానీ సెట్ గానీ, అంటే అర్హత పరీక్ష, పాసవ్వాలి. క్రైస్తవ సంస్థలంటే క్రైస్తవులకే అనుకోకండి, అన్ని మతాల పిల్లలూ చదువుతారు. మన వైపు బందరులో నోబుల్ కాలేజీ 1843లో పెట్టిన బడినుంచి వచ్చిందే. బెంగళూరు క్రైస్ట్ 1969లో కాలేజీగా మొదలై 2008లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది. ప్రార్థనకి కూర్చోక తప్పదా అంటే, రాజ్యాంగంలో 28వ అధికరణం మూడో క్లాజు చదవండి. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న ఏ విద్యాసంస్థలోనైనా మీ ఇష్టం లేకుండా, మీరు మైనరైతే మీ పెద్దవాళ్ల ఇష్టం లేకుండా, మతబోధకో ఆరాధనకో హాజరు కావాలని పట్టుబట్టకూడదు.

మరి క్రైస్తవ యూనివర్సిటీలో చదివితే ప్రత్యేకంగా ఏముంటుంది? నామటుకు నేను చెప్పేదొక్కటే. మామూలు యూనివర్సిటీలో మతం సిలబస్‌లో ఒక చాప్టరు. మా దగ్గర పొద్దున్న చాపెల్లో, అంటే యూనివర్సిటీ ప్రార్థన మందిరంలో, పక్కన కూర్చున్నవాళ్లనే మధ్యాహ్నం క్లాసులో ఒక నమూనాగా చూడాలి. పీటర్ బెర్గర్ అని ఒక సమాజ శాస్త్రవేత్త, స్వయంగా లూథరన్ క్రైస్తవుడు, 1967లో ఒక నియమం చెప్పాడు: మతాన్ని పరిశోధించేటప్పుడు దేవుడున్నాడా లేడా అన్న తీర్పు పక్కనపెట్టి, మనుషులు ఏం చేస్తున్నారో చూడమని. గడప దగ్గర చెప్పులు విప్పినట్టన్నమాట. బయటికొచ్చేటప్పుడు మళ్లీ తొడుక్కోవచ్చు. మా క్లాసులో కొందరికి ఇది నచ్చలేదు, విశ్వాసం చెప్పులా అని ఒకమ్మాయి దెబ్బలాడింది కూడా. ఆ దెబ్బలాట గంటసేపు సాగింది. అలాంటి గంట ఇంకెక్కడా దొరకదని నా నమ్మకం.

[తెర మీద: నోట్‌బుక్, పెన్ను, ఇంటి అరుగు]

ఇప్పుడు అసలు కథ. డిజర్టేషన్‌కి మా ఊరి చుట్టుపక్కల పేటల్లో సర్వే చేస్తానన్నాను. ప్రశ్న తేలికైనదే: నెలలో ఎన్ని ఆదివారాలు ఆరాధనకి వెళ్తారు? మొదటి ఇరవై ఇళ్లలో ఇరవై మందీ 'నాలుగూ వెళ్తామమ్మా' అన్నారు. మా నాన్నగారి చర్చిలో ఏ ఆదివారం ఎన్ని చాపలు ఖాళీగా ఉంటాయో చిన్నప్పట్నుంచీ చూస్తున్నదాన్ని నేను. చాపలు పరిచేది నేనే మరి.

వాళ్లు అబద్ధాలాడారనను. అయ్యగారమ్మాయి గుమ్మంలో నిలబడి అడిగితే 'మానేశాను' అని ఎవరంటారండీ? దీనికి శాస్త్రంలో పేరుంది, నలుగురూ మెచ్చే జవాబు చెప్పే మొగ్గు. అమెరికాలో 1993లో ముగ్గురు పరిశోధకులు చర్చిల్లో నిజంగా తలలు లెక్కపెట్టి, సర్వేల్లో జనం చెప్పుకున్నదాంతో పోలిస్తే హాజరు దాదాపు సగమే తేలింది. మా పేటల్లోనే కాదన్నమాట.

మేడమ్ ప్రశ్న మార్చమన్నారు. ఆరాధన ఊసే ఎత్తకుండా, 'మొన్న ఆదివారం పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారో వరసగా చెప్పండి' అని అడిగాను. అంతే, ఊరంతా బయటికొచ్చింది. రొయ్యల చెరువు కాడ కాపలా, ఏరియేటర్ పాడైతే మెకానిక్ కోసం భీమవరం పోవడం, కువైట్‌లో ఉన్న కూతురి ఫోను కోసం కూర్చోవడం. ఆ కూతురికి అక్కడ సెలవు శుక్రవారం, ఇక్కడ తల్లికి ఆరాధన ఆదివారం. ఒకావిడైతే ఆదివారం మేత కోసి అలిసిపోయి, బుధవారం రాత్రి ప్రార్థన కూటానికి మాత్రం తప్పకుండా వెళ్తుంది. నా పాత ప్రశ్నలో ఆవిడకి చోటే లేదు. ప్రశ్న రాసింది నేను, లోపమూ నాదే.

దీనికన్నా పెద్ద పాఠం ఎథిక్స్ కమిటీ దగ్గర నేర్చుకున్నాను. మనుషుల మీద పరిశోధన చేసేముందు కమిటీ అనుమతి తీసుకోవాలి. అమెరికాలో టస్కీగీ అనే చోట 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లకి వైద్యం అందకుండా చేసి, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. ఆ దారుణం బయటపడ్డాకే ఈ నియమాలు గట్టిపడ్డాయి. అంచేత అంగీకార పత్రం మీద సంతకం తీసుకోవాలన్నారు. కానీ మా దగ్గర సంతకమంటే అప్పు, లేకపోతే పొలం. కాగితం చూడగానే 'డ్వాక్రా లోనామ్మా?' అని ముఖం మాడ్చుకునేవాళ్లు. చివరికి పత్రం చదివి వినిపించి, నోటిమాటగా ఒప్పుకుంటే రాసుకునేలా అనుమతి మార్పించుకున్నాను.

అదే కమిటీ నా ప్రశ్నావళిలో ఒక గడి కొట్టేసింది. పేరు, ఊరు, కులం, మతం, నాలుగూ ఒకే కాగితం మీద పెట్టాను. ఏముంది ఇందులో అనుకున్నాను. ఒక సారు నన్ను కూర్చోబెట్టి అడిగారు: 'ఈ కాగితం పోతే ఆ ఇంట్లో ఏం పోతుందో ఆలోచించావా?'

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి కింద వస్తారు, రిజర్వేషన్ 1 శాతం. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతం. ఆ అంకె ఏ గడిలో ఏం రాశారో చెప్తుంది, ఆ గడి నింపేటప్పుడు మనిషి మనసులో ఏముందో చెప్పదు. ఈ చట్టం న్యాయమా కాదా అన్నదానిమీద నాకు అభిప్రాయముంది, ఈ వీడియో దానికోసం కాదు. ఒకే కాగితం మీద పేరు, ఎస్సీ కులం, క్రైస్తవ మతం కలిసి కనిపిస్తే ఆ ఇంటి ఎస్సీ హోదాకే ముప్పు. నాకు కాలేజీలో మార్కులు తెచ్చే గడి ఇంకో ఇంట్లో పిల్లాడి సీటు పోగొట్టచ్చు. గడి తీసేశాను. పేర్ల బదులు నంబర్లు వేశాను.

[తెర మీద: లేసు అల్లుతున్న చేతులు, ముఖం కనిపించదు]

ఇదంతా దూరదేశపు శాస్త్రం అనుకునేవాళ్లకి ఒక సంగతి. మన నరసాపురం సోషియాలజీ చదివేవాళ్లకి ప్రపంచమంతటా తెలుసు. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ ఇక్కడ గోదావరి డెల్టా మిషన్ పెట్టారు. లేసు అల్లిక కూడా ఆ శతాబ్దంలోనే మిషనరీల ద్వారా ఈ ప్రాంతానికొచ్చింది. 1982లో జర్మన్ సమాజ శాస్త్రవేత్త మరియా మీస్ 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్' అని పుస్తకమే రాసింది. ఆవిడ చూపించింది ఇదీ: లేసు విదేశాలకి పోతుంది, వ్యాపారులకి డబ్బొస్తుంది, అల్లే ఆడవాళ్లని మాత్రం ఇంట్లో ఊరికే కూర్చున్న గృహిణులుగా లెక్కేస్తారు. ఖాళీగా ఉన్నప్పుడు చేసే పని అన్నాక దానికి కూలి ఎందుకు పెరుగుతుంది?

పుస్తకం చదివి సెలవులకి ఇంటికొచ్చి, మా అమ్మ మీద ప్రశ్నావళి ప్రయోగించాను. ఊళ్లో ఆవిణ్ణి అమ్మగారంటారు. సండే స్కూలు ఆవిడదే, స్త్రీల కూటం ఆవిడదే, కానుకల లెక్క ఆవిడదే, ఎవరింట్లోనైనా చావు జరిగితే నాన్నకంటే ముందు వెళ్లేది ఆవిడే.

"అమ్మా, నువ్వేం పని చేస్తావు?" అన్నాను, పెన్ను పట్టుకుని.

"నాకేం పనే, ఇంట్లోనే కదా ఉంటా," అంది.

రాసుకోబోతుంటే బయట ఎవరో "అమ్మగారండీ" అని పిలిచారు. చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వెళ్లింది. తిరిగొచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.