వంతెన ఎక్కేటప్పుడు కారు లాగడం లేదా? ఫిల్టరా, పంపా ఇలా తేల్చుకోండి

దృశ్యం: రావులపాలెం దగ్గర గౌతమి వంతెన. లారీల వెనక కార్లు ఎక్కుతున్నాయి.

నమస్కారం అండి. మన డెల్టాలో కొండలు లేవు, ఘాట్ రోడ్లు లేవు. అమలాపురం నుంచి రావులపాలెం దాకా రోడ్డంతా చదునే. అందుకే పెట్రోల్, డీజిల్‌లో మురికిని వడకట్టే ఫ్యూయల్ ఫిల్టర్ సగం పూడుకుపోయినా నెలల తరబడి మనకు తెలియదు. నలుగురు ఎక్కి, ఏసీ వేసుకుని, సిద్ధాంతం వంతెనో చించినాడ వంతెనో ఎక్కినప్పుడు బయటపడుతుంది. ఎంత తొక్కినా పికప్ రాదు, బండి కుదుపుతుంది. వంతెన దిగాక మళ్లీ మామూలే. చాలామంది పెట్రోల్ కల్తీ అనుకుని బంకు మార్చేస్తారు.

నిదానంగా పోతున్నప్పుడు ఇంజన్‌కి కావాల్సింది కొంచెమే. పూడిన ఫిల్టర్ నుంచి కూడా ఆ కొంచెం వచ్చేస్తుంది. ఎక్కువ కావాల్సి వచ్చినప్పుడే చాలదు. అందుకని బండి ఎప్పుడు మొరాయించిందో గుర్తుపెట్టుకోండి. ఎత్తులోనా, ఓవర్‌టేక్‌లోనా, ఎండలో బాగా తిరిగాకా? మెకానిక్‌కి ముందు చెప్పాల్సింది ఇదే.

ట్యాంకులోంచి ఇంజన్‌కి పెట్రోల్ తోసే పంపు నీరసించినా ఎత్తులో లాగదు, నిజమే. కానీ పంపు జబ్బు వేడిలో ఎక్కువ బయటపడుతుంది. మే నెల మధ్యాహ్నం చాలాసేపు నడిచాక ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది గానీ అందుకోదు. కాసేపు నీడలో ఆపితే స్టార్ట్ అవుతుంది. ఇంజన్ తిరుగుతోందని బండి కంప్యూటర్‌కి చెప్పే క్రాంక్ సెన్సర్ పాడైనా ఇలాగే చేయొచ్చు కాబట్టి అప్పుడే పంపు కొనేయకండి.

దృశ్యం: వెనక సీటు పైకి లేపి ఉంది. కెమెరా ట్యాంకు మూత దగ్గరికి వెళుతుంది. తాళం తిప్పిన చప్పుడు.

విన్నారా? సన్నగా "జుయ్" మని రెండు మూడు సెకన్లు. చాలా పెట్రోల్ కార్లలో పంపు ట్యాంకులోనే ఉంటుంది. తాళం ఆన్ చేయగానే లైన్‌లోకి ప్రెషర్ ఎక్కిస్తుంది. కొన్ని కొత్త కార్లలో డోర్ తీయగానే ఈ శబ్దం వస్తుంది. అసలు శబ్దమే లేకపోతే ముందు ఫ్యూజు, రిలే (పంపుకి కరెంటు ఇచ్చే స్విచ్) చూడాలి. పదుల రూపాయల ఫ్యూజు పోతే వేలు పెట్టి పంపు మార్చుకున్నవాళ్లు ఉన్నారు, అది నాకు చాలా బాధగా ఉంటుంది. బండి నడుస్తుంటే వెనక నుంచి గట్టిగా మూలుగు వినిపిస్తే మాత్రం పంపు అరిగిందనే అనుమానించాలి.

ఈ పంపును చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే. ఎప్పుడూ రిజర్వ్‌లోనే తిప్పితే పంపు వేడెక్కి తొందరగా అరుగుతుంది. పావు ట్యాంకు తగ్గకుండా చూసుకోండి.

ఇక డీజిల్ సంగతి. ఇది మన భీమవరం, నరసాపురం వైపు రొయ్యల చెరువుల వాళ్లు తప్పక వినాలి. జనరేటర్ కోసం గట్టు మీద డ్రమ్ముల్లో డీజిల్ పెడతాం. రాత్రి చలికి డ్రమ్ము లోపల తేమ నీరై దిగుతుంది, తుప్పు కూడా కలుస్తుంది. బంకు దూరమని ఆ డీజిల్‌నే కారులో పోసుకుంటాం.

దృశ్యం: ఫిల్టర్ అడుగు స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పడుతున్నారు. పైన పచ్చటి డీజిల్, అడుగున వేరుగా నీళ్లు.

చూడండి, ఆ అడుగున ఉన్నవి నీళ్లే. కామన్‌రైల్ ఇంజన్‌లో, అంటే అన్ని ఇంజెక్టర్లకీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే ఇంజన్‌లో, ప్రెషర్ 1000 బార్ దాటుతుంది. అంత ప్రెషర్‌లో ఈ నీళ్లు వెళితే ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు పాడైపోతాయి. డ్యాష్‌బోర్డు మీద నీటి గుర్తు లైటు వెలిగితే బండి ఆపి నీళ్లు తీయించండి. ఎంత దూరమైనా పర్లేదులే అని నడపొద్దు. వర్షాకాలంలో సర్వీసుకు ఇచ్చినప్పుడు ఇది అడిగి మరీ చేయించుకోండి.

ఫిల్టర్ ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, అదే పాటించండి. చాలా పెట్రోల్ కార్లలో ఫిల్టర్ పంపుతో కలిసే ట్యాంకులో ఉంటుంది. విడిగా మార్చడం కుదరకపోవచ్చు.

షెడ్డులో బండి కంప్యూటర్‌లోని లోపం కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పి-0087 కోడ్ రావచ్చు. రైల్‌లో, అంటే ఇంజెక్టర్లకు ఇంధనం పంచే గొట్టంలో, ప్రెషర్ తక్కువని దాని అర్థం, పంపు పోయిందని కాదు. పూడిన ఫిల్టర్‌కీ అదే కోడ్ వస్తుంది. అందుకే పంపు మార్చాలంటే "ముందు గేజ్ పెట్టి ప్రెషర్ చూపించు బాబూ" అని అడగండి. గేజ్ లేదంటే, ఉన్న షెడ్డుకి బండి పట్టుకెళ్లండి.