వీ-బ్యాండ్ ఎగ్జాస్ట్ క్లాంప్ రివ్యూ: ఫ్లాంజు అదిరింది, నట్టే దండగ

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ వీ-బ్యాండ్ కిట్, అంటే రెండు ఎగ్జాస్ట్ పైపుల్ని కలిపి బిగించే సెట్టు, నేను కొనలేదు, కంపెనీవాళ్ళే ఫ్రీగా పంపారు. డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో వాళ్ళకి ముందుగా చూపించనూ లేదు. కాబట్టి తిట్టాల్సిన చోట తిడతా. 3 అంగుళాల సైజు, 304 స్టెయిన్‌లెస్, పైపుల చివర్లకి వెల్డింగ్ చేసే రెండు రింగులు (ఫ్లాంజులు), వాటిని చుట్టి పట్టే ఒక క్లాంపు. మిగతా స్పెక్స్ అన్నీ మీరు ఈపాటికి చూసే ఉంటారు, వాటిని మళ్ళీ చదివి మీ టైం తినను.

నేరుగా నాకు నచ్చిన ముక్కకి వచ్చేస్తా. కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. ఈ ఫ్లాంజు మొహం మీద లోపలి అంచున సన్నగా ఒక గట్టు లేచి ఉంది కదా? రెండో ఫ్లాంజులో దానికి సరిపడా మెట్టు కోశారు. ఇలా పెట్టి కాస్త తిప్పితే... విన్నారా? టక్కుమని కూర్చుంది. నేను చేయి వదిలేసినా పక్కకి జారట్లేదు. చవకవాటిలో చాలావరకు రెండు మొహాలూ చదునుగానే ఉంటాయి. చదునువి అసలు పనికిరావని నేననను. కానీ మీరు కారు కింద వెల్లకిలా పడుకుని, ఒక చేత్తో పైపు మోస్తూ, ఇంకో చేత్తో క్లాంపు ఎక్కిస్తుంటే, పైన తుప్పు రాలి కంట్లో పడుతుంటే, ఆ రెండూ ఒక మిల్లీమీటరు పక్కకి జరిగిన సంగతి ఎవడికి తెలుస్తుంది? ఇంజిన్ స్టార్ట్ చేశాక బుస్సుమంటే అప్పుడు తెలుస్తుంది. ఈ గట్టు ఉంటే ఆ గొడవే లేదు. మధ్యలో గాస్కెట్ (సీలింగ్ పొర) అక్కర్లేదు, మెటల్ మీద మెటలే సీల్ అయిపోతుంది. నిజంగా, ఈ ఒక్క గట్టు కోసమే నేను ఈ కిట్ తీసుకుంటా.

బిగించడం గురించి ఒక్క మాట. క్లాంపు లోపల వీ ఆకారంలో గాడి ఉంటుంది. బోల్టు తిప్పేకొద్దీ బ్యాండు చుట్టుకొలత తగ్గుతుంది, ఆ గాడి వాలు రెండు ఫ్లాంజుల్నీ దగ్గరికి నొక్కేస్తుంది. అయితే బ్యాండుకీ ఫ్లాంజుకీ మధ్య రాపిడి ఉంటుంది కాబట్టి, బోల్టు వైపు బిగుసుకుని అవతలి వైపు ఇంకా లూజుగానే ఉండిపోతుంది. అందుకే కొంచెం బిగించాక రబ్బరు సుత్తితో బ్యాండు చుట్టూ తడుతూ రండి. ఇదిగో, ఇందాక బిగుసుకుపోయింది అనుకున్న నట్టు ఇప్పుడు మళ్ళీ తిరుగుతోంది చూడండి. తట్టండి, బిగించండి, మళ్ళీ తట్టండి. ఓపిక కావాలంతే.

ఇంతకుముందు నా కారుకి యూ ఆకారపు బోల్టుతో బిగించే యూ-బోల్టు క్లాంపులు ఉండేవి, ఎగ్జాస్ట్ కిట్‌తో పాటే వచ్చాయి. వాటి మీద నాకు పాత కక్ష ఉంది. అవి పైపుని పట్టుకోవు, నొక్కి చొట్ట పెడతాయి. లోపలి పైపూ బయటి పైపూ కలిసి చొట్టబడ్డాక విడదీయాలంటే గ్రైండర్ తీయాల్సిందే. పైగా పైపు గుండ్రదనం పోయాక చొట్ట పక్కనే సందు మిగిలి లీకవుతుంది. బడ్జెట్ తక్కువైతే యూ-బోల్టు బదులు వెడల్పు బ్యాండు క్లాంపు వేసుకోండి, అది చుట్టూ పట్టుకుంటుంది, మళ్ళీ ఊడదీయడానికీ వస్తుంది.

సరే, ఇక తిట్ల పురాణం. ఈ నట్టు. జూమ్ చేస్తున్నా, లోపల నీలం రంగు రింగు కనబడుతోందా? నైలాన్! నైలాన్ లాక్ నట్టు సుమారు 120 డిగ్రీల దాకానే పనికొస్తుంది. నేను దీన్ని పెట్టింది టర్బో దాటగానే వచ్చే మొదటి పైపు, అంటే డౌన్‌పైపు చివర. అక్కడ గట్టిగా తోలితే పైపు వేడి వందల డిగ్రీలు. ఆ రింగు కరిగి కారిపోయాక మిగిలేది మామూలు నట్టే, ఇక వైబ్రేషన్‌కి మెల్లగా తిరిగి వచ్చేస్తుంది. ఇంత మంచి ఫ్లాంజు కోసి, చివర్లో నట్టు దగ్గర ఈ కక్కుర్తి ఏంటండీ? ఇక్కడ ఉండాల్సింది పూర్తిగా మెటల్ లాక్ నట్టు, రాగిపూత ఉన్నదైతే ఇంకా మేలు. నేను మార్చేశా.

ఇంకోటి. స్టెయిన్‌లెస్ బోల్టు మీద స్టెయిన్‌లెస్ నట్టు పొడిగా తిప్పితే మర ఒరుసుకుని పట్టేస్తుంది, ఆపైన ముందుకీ రాదు వెనక్కీ రాదు. దెబ్బలు కొడుతూ బిగించే ఇంపాక్ట్ గన్ పెట్టారంటే ఇక అంతే సంగతులు. మర పట్టేయకుండా ఉంచే నికెల్ యాంటీ-సీజ్ పేస్టు రాసి, చేత్తో, మామూలు రెంచ్‌తో బిగించండి. పేస్టు రాశాక నట్టు తేలిగ్గా తిరుగుతుంది, ఆ ఊపులో అతిగా బిగించేయకండి. డబ్బాలో ఆ పేస్టు చిన్న ప్యాకెట్ కూడా పెట్టలేదు. స్టిక్కర్లు మాత్రం ఉన్నాయి.

సీలెంట్ పూయొచ్చా అని అడుగుతారు, నాకు తెలుసు. ఈ గట్టున్న ఫ్లాంజుకి వద్దు. ఎర్ర సిలికాన్ 300 డిగ్రీలు దాటే చోట ఎక్కువకాలం నిలవదు, పైగా కొన్ని రకాల సిలికాన్ ఆవిర్లు ఎగ్జాస్ట్ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సర్‌ని పాడుచేస్తాయి. వెనక సైలెన్సర్ దగ్గర ఒకదాంట్లో ఒకటి దూర్చే జాయింట్లుంటే ఎగ్జాస్ట్ పేస్టు రాసుకోండి, అక్కడ ఫర్వాలేదు. ముందువైపు జాయింట్లతో మాత్రం ఆటలొద్దు. సెన్సర్‌కి ముందు లీకుంటే గ్యాస్ బయటికి పోవడమే కాదు, విడతలు విడతలుగా వచ్చే ఎగ్జాస్ట్ పల్సుల మధ్య బయటి గాలి లోపలికి కూడా లాక్కుంటుంది. సెన్సర్ గాలి ఎక్కువైందనుకుంటుంది, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోలు పెంచుతుంది, మైలేజీ ఏమైందని మీరు తల పట్టుకుంటారు.

అసలు జాయింట్లు లూజవడానికి క్లాంపుల కన్నా పెద్ద కారణం పైపు వేసిన తీరు. 304 స్టెయిన్‌లెస్ మీటరు పొడవుంటే, 500 డిగ్రీలు వేడెక్కేసరికి దగ్గర దగ్గర 9 మిల్లీమీటర్లు సాగుతుంది. ఆ సాగింది ఎక్కడికి పోవాలి? వంగే ఫ్లెక్స్ పైపూ, ఎగ్జాస్ట్‌ని వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లూ ఉంటే అవి సర్దుకుంటాయి, లేకపోతే ఆ తోపుడంతా జాయింట్ల మీదే. నేను ఎవరి కారు చూసినా ముందు చేసే పరీక్ష ఇదే: క్లాంపు తీసేయండి. రెండు ఫ్లాంజులూ వాటంతటవే ఎదురెదురుగా నిలబడాలి. క్లాంపుతో లాగి కలపాల్సి వస్తోందంటే క్లాంపుని తిట్టకండి, హ్యాంగర్ సరిచేయండి. వెల్డింగ్ చేయించేటప్పుడు కూడా క్లాంపు బిగించి ఉంచే ట్యాకులు (చిన్న చుక్క వెల్డులు) వేయించండి, ఫ్లాంజు వంకర పోతే ఏ క్లాంపూ కాపాడలేదు.

బిగించాక కొన్నిసార్లు బాగా వేడెక్కి చల్లారనిచ్చి, చల్లగా ఉన్నప్పుడే మళ్ళీ ఒకసారి చూసుకోండి. పొద్దున్నే మొదటి స్టార్ట్‌లో టిక్ టిక్ వినిపించినా, జాయింటు పక్కన నల్లటి మసి చార కనబడినా అక్కడ లీకు ఉన్నట్టే. అనుమానముంటే ఇంజిన్ ఆపి, చల్లారాక, వెనక గొట్టంలోంచి బ్లోయర్‌తో గాలి కొట్టి, జాయింట్ల మీద సబ్బునీళ్ళు చల్లండి. బుడగలొస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, క్యాబిన్ కింద లీకు పెట్టుకుని తిరగకండి.

నా తీర్పు? తీసుకోండి. నట్టు కోపం ఇంకా తగ్గలేదు కానీ, నట్టు మార్చుకోవడం చిటికెలో పని, ఫ్లాంజుకి ఆ గట్టు మనం కోసుకోలేం కదా. కంపెనీవాళ్ళు చూస్తుంటే: తర్వాతి బ్యాచ్‌లో స్టిక్కర్లు తీసేసి మెటల్ నట్టు పెట్టండి.