2004 నాటి జీమెయిల్‌కు ఇప్పుడు ఎన్ని మార్కులు? పూర్తి రివ్యూ

నమస్కారం. కొత్త ఫోన్లూ ఇయర్‌ఫోన్లూ కాసేపు పక్కన పెట్టి, ఈ వారం మనందరి ఫోన్లలో ఎప్పటి నుంచో ఉన్న యాప్‌ను రివ్యూకు తీసుకున్నాను. జీమెయిల్. 2004 ఏప్రిల్ 1న మొదలైన సేవకు ఇప్పుడు రివ్యూ ఏమిటని నవ్వకండి. రోజూ తెరిచి, రోజూ విసుక్కొని, ఏమీ సర్దకుండానే మూసేసే యాప్ ఇది. పైగా దానితో మనకున్న పనే మారిపోయింది. పాత పనికి వేసిన మార్కులు ఇప్పుడు చెల్లవు.

ఆ పాత పని ఏమిటో కొంచెం చెబుతాను. అప్పట్లో హాట్‌మెయిల్ ఇచ్చే చోటు 2 ఎంబీ, యాహూ ఇచ్చేది 4 ఎంబీ. నాలుగు ఫొటోలు వస్తే పెట్టె నిండేది. పాతవి చెరిపితే గానీ కొత్తవి వచ్చేవి కావు. అలాంటి రోజుల్లో గూగుల్ ఏకంగా 1 జీబీ ఉచితంగా ఇస్తామంటే, తేదీ చూసి చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. నిజమేనని తేలాక కూడా అందరికీ దొరకలేదు. 2007 వరకు ఎవరో ఒకరు ఆహ్వానం పంపాల్సి వచ్చేది. అమీర్‌పేటలో కోర్సులు చేసే కుర్రాళ్లు గంటకు ఇంత అని కట్టి, నెట్ సెంటర్‌లో కూర్చొని బయోడేటాలు పంపుకున్న కాలం అది. అమెరికా వెళ్లిన కొడుకు మెయిల్ రాస్తే, ప్రింటు తీయించుకొని ఇంటికి తెచ్చి చదువుకున్న తల్లిదండ్రులూ ఉన్నారు. మెయిల్ అంటే అప్పుడు ఉత్తరమే.

ఇప్పుడు ఆ కొడుకు వీడియో కాల్‌లో కనిపిస్తున్నాడు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకయ్యాక, తొలిసారి ఇంటర్నెట్‌లో అడుగుపెట్టిన వాళ్లలో చాలామంది మెయిల్ జోలికి పోకుండా నేరుగా వాట్సాప్‌కు వెళ్లారు. మరి వాళ్లకు జీమెయిల్ ఖాతా లేదా అంటే, ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులో గూగుల్ ఖాతా లేనిదే ప్లే స్టోర్ పనిచేయదు కాబట్టి, కొన్న రోజే దుకాణంలోని కుర్రాడు తెరిచి ఇచ్చాడు. పాస్‌వర్డ్ అతనికి గుర్తుంటే ఉన్నట్లు, లేకపోతే లేనట్లు. ఆ సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ప్రభుత్వం కూడా జనం ఉన్న చోటికే వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోనే మొదలుపెట్టారు.

ఇంతకీ మెయిల్‌కు మిగిలింది ఏమిటి? కాగితాలు. రైలు టికెట్టు, బండి ఇన్సూరెన్స్, ఆదాయపు పన్ను రిటర్ను అందినట్లు వచ్చే రసీదు, జీతంలో పన్ను కోసుకున్నట్లు ఆఫీసు ఇచ్చే ఫారం 16, ఉద్యోగంలో చేరమని వచ్చే లేఖ, బ్యాంకు స్టేట్‌మెంటు. మాటలన్నీ వాట్సాప్‌కు తరలిపోయాయి, వాటికి ఆధారాలు మాత్రం మెయిల్‌లోనే ఉన్నాయి. అందుకే ఈ రివ్యూలో జీమెయిల్‌ను ఇంట్లో కాగితాల బీరువాగా లెక్కగట్టి మార్కులు వేస్తున్నాను. పెట్టింది దొరుకుతోందా, చెత్త చేరకుండా ఉంటోందా, చోటు సరిపోతోందా, తాళం మన దగ్గరే ఉందా?

మొదట వెతకడం. ఇదిగో, తెర మీద చూడండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిస్తే పైన వెతికే గడి ఉంది కదా, దాని కుడి చివర చిన్న గీతల గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని ఎవరూ నొక్కరు. నొక్కితే ఒక ఫారం తెరుచుకుంటుంది. ఎవరు పంపారు, ఏ తేదీకి అటూ ఇటూగా వచ్చింది, ఎన్ని ఎంబీల కంటే పెద్దది, దానికి ఫైలు జతచేసి ఉందా, ఇవన్నీ అడుగుతుంది. నాలుగేళ్ల కిందటి ఇన్సూరెన్స్ పాలసీ కావాలనుకోండి. పంపిన కంపెనీ పేరు రాసి, ‘అటాచ్‌మెంట్ ఉంది’ అన్న చోట టిక్ పెడితే చాలు, క్షణంలో ముందుకు వస్తుంది.

ఇదే కాగితం వాట్సాప్‌లో ఉంటే ఏమవుతుందో చూడండి. ఇది ఫోనులో చేరిన ఒక ఫొటో. పేరు చూడండి: ‘ఐఎంజీ’, తర్వాత తేదీ, తర్వాత ‘డబ్ల్యూఏ’, చివర నాలుగు అంకెలు. ఇది భూమి పాస్‌బుక్కో పెళ్లి భోజనాల ఫొటోనో పేరును బట్టి చెప్పగలరా? పంపిన మనిషి గుర్తుంటే గ్రూపులో వేలు అరిగేదాకా పైకి జరుపుకుంటూ పోవాలి. తీరా దొరికాక, అప్పట్లో డౌన్‌లోడ్ చేసుకోలేదు గనుక ఇప్పుడు రాదు, మళ్లీ పంపమని అడగండి అంటుంది. వాట్సాప్ మీద నాకు కోపం లేదు. ఈ రోజు మాట ఈ రోజే చేరవేయడానికి దానికి సాటి లేదు. వచ్చే ఏడాది మళ్లీ అవసరమయ్యే కాగితం మాత్రం అక్కడ వదిలేయకండి. ‘మన మిత్ర’లో సర్టిఫికెట్ వచ్చినా, తహసీల్దారు కార్యాలయం నుంచి ఎవరైనా ఫొటో తీసి పంపినా, వెంటనే మీ మెయిల్‌కు మీరే పంపుకోండి. సబ్జెక్టు గడిలో ‘అబ్బాయి కుల ధ్రువీకరణ పత్రం’ అని తెలుగులోనే రాయండి. రేపు ఆ మాటతోనే వెతికితే దొరుకుతుంది. ఈ విషయంలో జీమెయిల్‌కు పదికి తొమ్మిది.

రెండోది చెత్త. ప్రైమరీ, సోషల్, ప్రమోషన్స్ అని మెయిళ్లను విడగొట్టే ట్యాబులు 2013లో వచ్చాయి. అవి బాగానే పనిచేస్తాయి గానీ, చెత్తను పక్క గదిలోకి ఊడ్చడమే తప్ప బయట పారేయడం కాదు. పారేసే పని మనదే. ఒకప్పుడు ‘అన్‌సబ్‌స్క్రయిబ్’ అన్న మాట కోసం మెయిల్ అడుగున చీమంత అక్షరాల్లో వెతుక్కోవాల్సి వచ్చేది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ కొత్త నియమం పెట్టింది. రోజుకు 5,000 మించి మెయిళ్లు పంపే సంస్థలు తమ ప్రచార మెయిళ్లను ఒక్క నొక్కుతో మానుకునే వీలు ఇవ్వాల్సిందే. అందుకే ఇప్పుడు ఆ బటన్ చాలా మెయిళ్లకు పైనే, పంపిన వారి పేరు పక్కన కనిపిస్తోంది. 2025లో ఇంకో మంచి పని చేశారు. ఎడమ వైపు మెనూలో సబ్‌స్క్రిప్షన్లన్నీ ఒకేచోట, ఎవరు ఎక్కువగా పంపుతున్నారో ఆ వరుసలో చూపిస్తున్నారు. ఒక చీర కొన్న పాపానికి ఏడాది పొడవునా పండుగ ఆఫర్లు పంపే దుకాణాలు అక్కడ పై వరుసలోనే దొరుకుతాయి.

ఒక్క జాగ్రత్త. స్పామ్‌లో పడిన మెయిల్ లోపలికి వెళ్లి అన్‌సబ్‌స్క్రయిబ్ లింకు నొక్కకండి. నొక్కితే ఈ చిరునామాలో మనిషి ఉన్నాడని మోసగాడికి మీరే చెప్పినట్లవుతుంది. అలాగే ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లలు స్పామ్ ఫోల్డరును రోజూ ఒకసారి చూడాలి. ఇంటర్వ్యూ పిలుపులు అందులో పడుతుంటాయి, 30 రోజులు దాటితే వాటంతట అవే చెరిగిపోతాయి. పైగా ప్రమోషన్స్ ట్యాబులో మెయిళ్ల మధ్య, మెయిళ్లలాగే కనిపించే ప్రకటనలు దూరుస్తున్నారు. ఉచితం కదా, ప్రకటన ఉండొచ్చు, కానీ మెయిల్ వేషం ఎందుకు? పదికి ఆరు.

ఇక చోటు. ఎక్కువమంది తలపట్టుకునేది ఇక్కడే. ‘స్టోరేజి నిండింది’ అని ఎర్రగా కనిపించగానే మెయిళ్లు చెరపడం మొదలుపెడతారు. వందల మెయిళ్లు చెరిపినా ఎరుపు పోదు. ఎందుకు? గూగుల్ ఇప్పుడు ఉచితంగా ఇచ్చే 15 జీబీ జీమెయిల్‌ది మాత్రమే కాదు. 2013 నుంచి జీమెయిల్, ఫైళ్లు దాచుకునే గూగుల్ డ్రైవ్, గూగుల్ ఫొటోస్ మూడూ అందులోనే సర్దుకుంటున్నాయి. 2021 జూన్ 1 తర్వాత ఎక్కించిన ఫొటోలన్నీ ఆ లెక్కలోకి వస్తున్నాయి. ఆ పైన అసలు కథ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్, అంటే చాట్‌ల నకలు, గూగుల్ ఖాతాలోకే వెళ్తుంది. దాన్ని చాలాకాలం లెక్కలో కలపలేదు. 2023 చివరి నుంచి దశలవారీగా కలిపేశారు. అంటే కుటుంబ గ్రూపులో ప్రతి ఉదయం వచ్చే శుభోదయం బొమ్మ, దేవుడి వీడియో, రాజకీయ ఉపన్యాసం అన్నీ మీ ఫారం 16 పక్కనే చేరుతున్నాయి. నిండిపోతే ఆగేది వాట్సాప్ కబుర్లు కాదు, మెయిల్. బ్యాంకు పంపిన మెయిల్ మీకు చేరకుండా తిరిగి బ్యాంకుకే వెళ్తుంది. మీకు కబురు కూడా అందదు.

కాబట్టి మెయిళ్ల మీద పడే ముందు గూగుల్ వన్ యాప్ తెరిచి, దేనికి ఎంత చోటు పోతోందో చూడండి. సాధారణంగా మెయిల్ వాటా తక్కువే ఉంటుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ దగ్గర వీడియోలను చేర్చే మీట ఉంటుంది, దాన్ని ఆపేయండి. తర్వాత అదే వాట్సాప్‌లో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరవండి. 5 ఎంబీ దాటినవి వేరుగా, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి వేరుగా చూపిస్తుంది. ఆ రెండో గడి ఖాళీ చేస్తే మీకు పోయేది ఏమీ ఉండదు, తర్వాతి బ్యాకప్ తేలికవుతుంది. మెయిల్ చెరిపినా సరే, అది బిన్ అనే చెత్తబుట్టలో 30 రోజులు ఉండి చోటు తింటూనే ఉంటుంది. బిన్‌నూ ఖాళీ చేయాలి. అదనపు చోటు డబ్బు పెట్టి కొనాలా అని చాలామంది అడుగుతున్నారు. పిల్లల ఫొటోలతో నిండితే నిరభ్యంతరంగా కొనండి. ఫార్వర్డులకు మాత్రం నెలనెలా అద్దె కట్టకండి. ఈ మెలికలన్నీ మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పనందుకు పదికి నాలుగు.

చిన్నవి గబగబా. పంపిన మెయిల్‌ను వెనక్కి లాగే గడువు మామూలుగా 5 సెకన్లు. కంప్యూటర్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి 30కి పెంచుకోండి. వాట్సాప్‌లో రాసింది దిద్దడానికి 15 నిమిషాలు ఇస్తారు, ఇక్కడ అర నిమిషమే. ఫోనులో వేలితో పక్కకు నెడితే మాయమయ్యే మెయిల్ చెరిగిపోలేదు, ‘ఆల్ మెయిల్’లో భద్రంగా ఉంది. డాలస్‌లో ఉన్నవాళ్లకు అర్ధరాత్రి ఫోను మోగకూడదనుకుంటే, మెయిల్ ఇప్పుడే రాసిపెట్టి వాళ్ల ఉదయానికి వెళ్లేలా సమయం పెట్టవచ్చు.

2025 అక్టోబరులో అమిత్ షా మన దేశ కంపెనీ జోహో నడిపే జోహో మెయిల్‌కు మారినట్లు ప్రకటించాక, మనమూ మారాలా అన్న ప్రశ్న వస్తోంది. జోహో మంచి సేవే. కానీ చిరునామా మార్చడమంటే బ్యాంకు, పాన్, పీఎఫ్, పన్ను పోర్టల్ అన్నింటిలో మార్చడం. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లు ఆలోచించండి. మిగతావాళ్లకు ఆ శ్రమ అక్కర్లేదని నా అభిప్రాయం.

చివరిది తాళం. ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులో గూగుల్ ఖాతా తెరిచి, రికవరీ ఫోను నంబరు ఏముందో చూడండి. దుకాణం కుర్రాడి నంబరు ఉండవచ్చు, ఎప్పుడో వదిలేసిన సిమ్ నంబరూ ఉండవచ్చు. వాడని నంబరును కంపెనీలు కొంతకాలానికి వేరొకరికి ఇస్తాయి. అప్పుడు పాస్‌వర్డ్ మార్చే కోడ్ ఆ ముక్కూ మొహం తెలియని మనిషికి వెళ్తుంది. రెండేళ్లు వాడని ఖాతాలను తొలగించే అధికారాన్ని కూడా గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలులో పెట్టింది కాబట్టి, పాత ఖాతాలో కాగితాలుంటే ఒకసారి లాగిన్ అవ్వండి. నంబరు మార్చే పేజీ లింకు వీడియో కింద ఇస్తున్నాను. సరిచూసే కోడ్ వాళ్ల ఫోనుకే వస్తుంది గనుక, ఊరు వెళ్లినప్పుడు వాళ్ల పక్కన కూర్చొనే ఈ పని చేయండి.