మిగిలే ఒక్కరి కోసం ఊరు ఎంచుకుందాం

(కాకినాడలో పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, నాతోపాటు ట్రెజరీ మెట్లు ఎక్కి దిగిన అక్కలకు, అన్నయ్యలకు నమస్కారం.

డిసెంబరు 17 మనకు పండగ ఎందుకైందో మీలో చాలామందికి తెలుసు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ అంటే ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సర్వీసుకు దక్కే హక్కు అని తేల్చింది. ఆ తీర్పుతో మన చేతికొచ్చే డబ్బుకు గౌరవం దక్కింది. ఆ డబ్బుతో ఏ ఊళ్ళో ఉండాలి, ఎలా ఉంటే మనసు కుదుటపడుతుంది అన్నది మాత్రం ఏ కోర్టూ చెప్పదు. ఇవాళ నేను మాట్లాడదలుచుకున్నది దాని గురించే.

మన పెన్షనర్ల సంఘం ఆఫీసులో కుటుంబ పెన్షన్, అంటే పెన్షనరు పోయాక భార్యకో భర్తకో వచ్చే పెన్షన్, కాగితాలు రాసిపెట్టే పని కొన్నేళ్ళుగా నేను చూస్తున్నాను. వచ్చేది ఎక్కువగా భర్త పోయిన ఆడవాళ్ళు. సంతకాలన్నీ అయ్యాక, ఫైలు సంచిలో పెట్టుకుంటూ చాలామంది ఒకే మాట అడుగుతారు. "టీచరుగారూ, నేనిప్పుడు ఎక్కడుండాలండీ?" వాళ్ళకు ఇల్లు లేక కాదు. ఉన్న ఇల్లు ఇద్దరూ ఉన్నప్పటి లెక్కతో కట్టుకున్నది, కొనుక్కున్నది. ఒక్కరే మిగిలితే ఆ ఇంట్లో, ఆ ఊళ్ళో రోజు ఎలా గడుస్తుందని కొనేటప్పుడు ఎవరూ అనుకోలేదు.

అందుకే నేను గట్టిగా చెబుతున్నాను. రిటైరయ్యాక ఉండే ఊరిని ఇద్దరి కోసం కాదు, ఇద్దరిలో చివరికి మిగిలే ఒక్కరి కోసం ఎంచుకోవాలి. అశుభం మాట్లాడుతున్నానని అనుకోకండి. మన ఇళ్ళల్లో భార్యాభర్తల మధ్య అయిదారేళ్ళ తేడా మామూలు. దానికి తోడు ఆడవాళ్ళు సగటున మగవాళ్ళకంటే ఎక్కువకాలం బతుకుతారు. ఈ రెండూ కలిపితే చాలామంది ఇల్లాళ్ళకు చివరి ఏళ్ళు ఒంటరిగానే గడుస్తాయి. అయినా ఊరు నిర్ణయించేది ఎవరు? "ఆవిడదేముందండీ, నేనెక్కడుంటే అక్కడే" అనే పెద్దమనిషి. ఈ హాల్లో కూడా ఆ మాట అన్నవాళ్ళు ఉండే ఉంటారు. దయచేసి ఇకమీదట అనకండి.

సొంతూరి సంగతి చూద్దాం. కోనసీమలో కొబ్బరిచెట్ల మధ్య పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక పెరడు, నాలుగడుగులు వేస్తే కాలవగట్టు. నాకూ ఇష్టమే. అయితే అది ఎవరి సొంతూరు? చాలావరకు భర్తది. ఆయనకు అక్కడ చిన్ననాటి నేస్తాలుంటారు, అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చుంటే దారినపోయేవాళ్ళు ఆగి పలకరిస్తారు. ఆవిడ మాత్రం ఉద్యోగాల బదిలీలతో ఊళ్ళు తిరిగి, సంక్రాంతికి వచ్చి, వంటింట్లో నాలుగు రోజులుండి వెళ్ళిన మనిషి. ఆయన పోయాక ఆ ఊళ్ళో ఆవిడను పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఎంతమంది ఉంటారు? పల్లెలో ఒక మంచి గుణం ఉంది, కాదనను. పొద్దెక్కినా వాకిట్లో ముగ్గు పడలేదంటే పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొడతారు. అది సామాన్యమైన భరోసా కాదు. మరోపక్క వైద్యం సంగతి ఆలోచించాలి. రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే, గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు పడాలి. దానికన్నా ముందు సీటీ స్కాన్ తీయాలి. 108 ఇంటికి రావడానికి, అక్కడినుంచి స్కాన్ ఉన్న ఆసుపత్రికి చేరడానికి ఎంత టైము పడుతుందో ఒకసారి లెక్కేసుకోండి. ఆ లెక్క కుదిరితే, ఆవిడకూ మనసుంటే, నిశ్చింతగా పల్లెకే వెళ్ళండి.

ఇక పిల్లల దగ్గర. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాదు లింగంపల్లి. కొడుకో కూతురో స్టేషన్‌కి కారేసుకుని వస్తారు. పిల్లల దగ్గరికి వెళ్ళడం నామోషీ అని కొందరంటారు. నేను ఒప్పుకోను, పెంచిన పిల్లల దగ్గర ఉండటంలో నామోషీ ఏముంది? నా అభ్యంతరం తొందరపాటు మీదే. ఆయన పోయిన నెలలోపే ఇక్కడి ఇల్లు బేరం పెట్టి, సామాన్లు సర్దించి, ఆవిడను పద్నాలుగో అంతస్తుకు తీసుకెళ్ళిపోతారు. ప్రేమతోనే చేస్తారు. పగలంతా వాళ్ళు ఆఫీసుల్లో, మనవలు స్కూల్లో. ఆవిడ లిఫ్టు దిగితే తెలిసిన మొహం ఉండదు. ఏడాదిపాటు ఇల్లు అమ్మకండి, అద్దెకివ్వండి. వెళ్ళి ఉండి చూశాక అప్పుడు తేల్చుకోవచ్చు. నేను చూసినంతలో బాగా కుదిరే పద్ధతి ఒకటుంది. పిల్లలుండే అపార్ట్‌మెంట్‌లోనో, ఆ వీధిలోనో చిన్న ఇల్లు తీసుకుని వేరే వంట పెట్టుకోవడం. కూర గిన్నెలు అటూ ఇటూ తిరుగుతాయి, ఎవరి టీవీ వాళ్ళది.

అమెరికా గురించి క్లుప్తంగా చెబుతాను. విజిటర్ వీసా మీద వెళితే మామూలుగా ఒకసారికి ఆరు నెలలు ఉండనిస్తారు. పిల్లలకు అక్కడి పౌరసత్వం వస్తే తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు పెట్టవచ్చు. కానీ అక్కడ ఉద్యోగం చేయనివాళ్ళు 65 దాటాక మెడికేర్ అనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా కొనుక్కోవాలన్నా వరసగా అయిదేళ్ళు అక్కడ కాపురముండాలి. కారు నడపడం రాకపోతే గుడికి కూడా ఒకరు తీసుకెళ్ళాల్సిందే. మనవలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు వెళ్ళి సాయం చేసి రావడం వేరు, అక్కడే మిగిలిపోవడం వేరు.

డబ్బు సంగతి అక్కలు శ్రద్ధగా వినాలి. పూర్తి సర్వీసు ఉన్నవారికి పెన్షన్ చివరి మూలవేతనంలో సగం. కుటుంబ పెన్షన్ మామూలు రేటు 30 శాతం. అంటే చివరి మూలవేతనం 80,000 అయితే ఆయనకు 40,000 వచ్చేది, ఆవిడకు 24,000 వస్తుంది. డీఏ అదనం. త్వరగా పోతే మొదట కొన్నేళ్ళు ఎక్కువ రేటు ఇస్తారు గానీ తర్వాత ఇంతే. మరి అపార్ట్‌మెంట్ మెయింటెనెన్సు, కరెంటు, మందులు తగ్గుతాయా? 40,000 చూసుకుని ఎంచుకున్న ఇంటిని 24,000తో నడపాలి. రిటైర్మెంట్ హోమ్‌లో చేరేవాళ్ళు కూడా ఈ లెక్కే వేసుకోవాలి. కట్టిన డిపాజిట్ వెనక్కి వస్తుందా, ఒకరు పోతే నెలవారీ ఎంత కట్టాలి, మంచాన పడితే ఉంచుకుంటారా లేదా అన్నది కాగితం మీద చూశాకే సంతకం పెట్టండి.

ఇంటి కాగితాల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. బతికుండగానే ఇల్లు పిల్లలకు గిఫ్ట్ డీడ్ రాసేస్తున్నారు. రాయకండి. వీలునామా రాయండి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించండి, మనసు మారితే మార్చుకోవచ్చు. గిఫ్ట్ తప్పదనుకుంటే, మమ్మల్ని చూసుకోవాలి అన్న షరతు పత్రంలోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్‌కు వెళ్ళి బదిలీని రద్దు చేయించుకోవచ్చు. షరతు మనసులో ఉంటే సరిపోదు.

ఇంతకీ తృప్తి ఎక్కడుంది? మా వారు కాలం చేశాక పిల్లలు బెంగుళూరు రమ్మన్నారు. వెళ్ళాను. కంటికి రెప్పలా చూసుకున్నారు, వాతావరణం కూడా ఇక్కడి ఉక్కతో పోలిస్తే హాయి. అయినా పొద్దున లేచాక నాతో ఎవరికీ పని లేదు. ఇక్కడ రైతుబజారుకు వెళితే నా దగ్గర చదువుకున్న అమ్మాయి బెండకాయలు ఏరి ఇస్తుంది. ఆటో అబ్బాయి "ఇవాళ ఆఫీసుకేనా టీచరుగారూ" అంటాడు. ఆఫీసులో ఎవరో ఒకరు ఫారం పట్టుకుని నాకోసం ఎదురుచూస్తుంటారు. నాకు ఇదే తృప్తి. సముద్రం దగ్గరుందనో, రోడ్లు తిన్నగా ఉన్నాయనో కాకినాడను పెన్షనర్ల స్వర్గం అంటారు. మంచిదే. నాకైతే నన్ను ఎరిగినవాళ్ళు, నాతో పని ఉన్నవాళ్ళు ఇక్కడ ఉండటమే ఈ ఊరి గొప్ప. మీ భార్యకు అలాంటి ఊరేదో మీరు ఉండగానే ఆవిడనే అడగండి. ఆవిడ చెప్పే పేరు మీరనుకున్నది కాకపోవచ్చు. వాదించకుండా వినండి.

ఇంకో మాట. మగవాళ్ళు రిటైరవుతారు, వంటిల్లు రిటైరవదు. ఆయన ఇంట్లో కూర్చున్నాక కాఫీలు, టిఫిన్లు పెరుగుతాయి. ఏ ఊరికి వెళ్ళినా ఆవిడకు వంట మనిషినో, క్యారేజీనో కుదుర్చుకునే వీలుందా అని చూడండి. ఆవిడకూ విశ్రాంతి కావాలి.

ఇక ముగిస్తాను. సాయంత్రం ఇంటికెళ్ళాక బీరువాలోంచి పీపీఓ, అదే పెన్షన్ మంజూరు పత్రం, తీయండి. అందులో భార్య పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో ఇద్దరూ కూర్చుని చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత ఆవిడే తిరగాలి. పెన్షన్ పడే బ్యాంకు ఖాతా ఆవిడతో జాయింటుగా ఉందో లేదో కూడా చూడండి. ఏదైనా తేడా ఉంటే జిరాక్సులు పట్టుకుని ఇద్దరూ కలిసి సంఘం ఆఫీసుకు రండి. దరఖాస్తు నేను రాసిపెడతాను.