వలలో తాబేలు పడితే, చుక్కల సొర పడితే

యాంకర్: విశాఖ పెదజాలరిపేట నుంచి ఒక అన్న లైన్లో ఉన్నారు. చెప్పండన్నా.

కాలర్: నమస్కారం మేడమ్. వలలో ఒక్కోసారి తాబేలు పడతాది, ఎప్పుడైనా పెద్ద చుక్కల సొర పడతాది. రెండూ పట్టకూడదంటారు. ఆ సొర తిమింగలం జాతేనా? మా కుర్రాడు కాదంటాడు.

నిపుణురాలు: మీ అబ్బాయిదే నిజం. మీరన్న చుక్కల సొరకు తిమింగల సొర అన్నది పేరే, అది చేప. లోకంలోకెల్లా పెద్ద చేప. ఒంట్లో గట్టి ఎముకలుండవు, మన చెవి పైభాగంలో ఉండే మెత్తటి ఎముకే. మొప్పలతో ఊపిరి పీలుస్తుంది. మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలు సరీసృపం. దానికి ఊపిరితిత్తులుంటాయి.

కాలర్: మరి చట్టం ఒకటేనా?

నిపుణురాలు: ఒకటే. 1972 వన్యప్రాణి చట్టంలో రెండూ గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్లోనే ఉన్నాయి. సొరను 2001లో చేర్చారు. అంతరించే ప్రమాదమున్న జీవుల ప్రపంచ జాబితా రెడ్ లిస్టులో మాత్రం సొర తాబేలు కన్నా ఒక మెట్టు ఎక్కువ ప్రమాదంలో ఉంది. 75 ఏళ్ళలో ఈ సొరలు సగానికి పైగా తగ్గాయని 2016 అంచనా.

కాలర్: పోయినేడు వల లాగేసరికి తాబేలు కదల్లేదమ్మా. సముద్రంలో వేసేస్తే రాయిలా మునిగిపోయింది. ఇప్పటికీ బాధే.

నిపుణురాలు: మీరు వేసేటప్పటికి అది బతికే ఉండొచ్చన్నా. నీటి కింద వలలో ఇరుక్కుంటే గాలందక స్పృహ తప్పుతుంది. అలాంటప్పుడు వెంటనే నీళ్ళలో వేయకండి. పొట్ట కిందికి, డిప్ప పైకి ఉండేలా ఉంచి, వెనక భాగం కింద జానెడు ఎత్తున ఏదైనా పెట్టండి, నీరు నోట్లోంచి కారిపోతుంది. నీడన ఉంచి, డిప్ప మీద తడిగుడ్డ కప్పండి, ముక్కు మూయకూడదు. తేరుకోవడానికి ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. రెక్కలు ఆడించాక ఇంజిన్ ఆపి, మెల్లగా నీళ్ళలోకి జార్చండి. సొరకు ఇదంతా పనికిరాదు. పైకి తీశారా, మొప్పలకు నీరందదు, దాని బరువే దాన్ని నలిపేస్తుంది. నీళ్ళలోనే వల కోసేయాలి. తోకకు తాడు కట్టి లాగొద్దు. 2021 డిసెంబరులో తంతడి ఒడ్డుకొచ్చిన సొరను మీలాంటి వాళ్ళే అటవీ సిబ్బందితో కలిసి సముద్రంలోకి పంపారు కదా!

కాలర్: వల కోస్తే వేలల్లో నష్టం మేడమ్.

నిపుణురాలు: తెలుసన్నా, మీ బతుకు ఆ వలే. గుజరాత్‌లో మత్స్యకారులు తీసిన ఫొటోలు చూసి అటవీ శాఖ పరిహారం ఇస్తోంది. మీరూ కోసే ముందు ఒకటి, వదిలాక ఒకటి తీసి ఇక్కడి అటవీ శాఖ వాళ్ళకు చూపించి అడగండి.

కాలర్: అలాగేనమ్మా. ముందు ఆ జానెడు ఎత్తు సంగతి మా బోటు వాళ్ళకు చెప్తాను.