ముక్కు అలర్జీ ఉంటే ఊపిరి పరీక్ష రిపోర్టును ఎలా చదవాలి?

అందరికీ నమస్కారం. ముక్కు అలర్జీ, ఆస్తమా రెండూ ఉన్నవాళ్లు ‘ఫీనో’ పరీక్ష (వదిలిన ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ వాయువు ఎంత ఉందో కొలిచేది) చేయించుకుని, అంకె కాస్త పెరగ్గానే టెన్షన్ పడిపోతుంటారు. నా మాటలన్నీ ఆ అంకె గురించే.

అలర్జీతో శ్వాసనాళాల లోపలి పొర వాచినప్పుడు అక్కడి కణాలు నైట్రిక్ ఆక్సైడ్ వాయువును ఎక్కువగా తయారుచేస్తాయి. ఆస్తమా ఉన్నవాళ్ల ఊపిరిలో ఇది హెచ్చుగా ఉంటుందని 1993లోనే తేలింది. దీన్ని పీపీబీల్లో, అంటే వంద కోట్ల భాగాల గాలిలో ఇది ఎన్ని భాగాలుందో కొలుస్తారు. పెద్దవాళ్లలో 25 లోపైతే తక్కువ, 50 దాటితే ఎక్కువ. పిల్లలకు ఈ హద్దులు 20, 35.

నిండా గాలి పీల్చి, గొట్టంలోకి దాదాపు పది సెకన్లు ఒకే వేగంతో వదలాలి. గొట్టంలో కావాలనే కొంచెం అడ్డు పెడతారు. ముక్కులోనూ సైనస్‌లలోనూ ఈ వాయువు ఊపిరితిత్తుల్లో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కదా, అది కలిస్తే లెక్క తప్పుతుంది. అడ్డుకు ఎదురు ఊదేటప్పుడు అంగిలి వెనకభాగం పైకి లేచి ముక్కు దారిని మూసేస్తుంది.

మరి ముక్కు గాలి కలవనప్పుడు, ముక్కు అలర్జీకి అంకె ఎందుకు పెరుగుతుంది? ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఉన్నది ఒకటే దారి. పైన అలర్జీ రేగితే, ఆస్తమా లేనివాళ్లలో కూడా కింది నాళాల్లో కొద్దిగా వాపు ఉండొచ్చు. కాబట్టి పుప్పొడి రోజుల్లో 40 వచ్చినంత మాత్రాన ఆస్తమా ముదిరిందని కాదు. మీరు బాగున్నప్పుడు ఎంత ఉందో రాసిపెట్టుకుని దానితో పోల్చండి. 50 లోపు ఉన్నవాళ్లకు 10 పీపీబీలకు మించి, అంతకంటే పైన ఉన్నవాళ్లకు 20 శాతానికి మించి మారితేనే దాన్ని మార్పుగా లెక్కపెడతారు.

అంకె పెరిగి, ఆయాసమూ పిల్లికూతలూ ఉంటే, డోసు పెంచే ముందు ఇన్‌హేలర్ రోజూ, సరిగ్గా వాడుతున్నారా అని చూడాలి. నా అనుభవంలో సగం చిక్కు అక్కడే తెలిసిపోతుంది. ముక్కు స్ప్రే సంగతీ అడగాలి. అంకె తక్కువగా ఉన్నా ఆయాసం తగ్గకపోతే కారణం వేరే కావచ్చు. పొగతాగేవాళ్లలో మాత్రం తక్కువ అంకెను నమ్మలేం.

స్పైరోమెట్రీ (గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష) కూడా ఉంటే, ఫీనో పరీక్షనే ముందుగా చేయించుకోండి, గట్టిగా ఊదాక రీడింగ్ పడిపోతుంది. అంకె మామూలుకొచ్చిందని ఇన్‌హేలర్ మానకండి. చాలామందిలో అది తగ్గింది ఆ మందు వల్లే.

ఇక మీ ప్రశ్నలు అడగండి.